లోతు బారకి మార్చమ్మా

అది కాదు, ముందు ఒక్క మాట తేల్చండి. చవకది కొనడం వేరు, చవకబారుది కొనడం వేరు. నేను కొన్నది చవకది. మా అమ్మ మా మేనత్తతో ఫోన్‌లో చెప్పేటప్పుడు మాత్రం అది ప్రతిసారీ "చవకబారు డబ్బా" అయిపోతుంది. పక్క గదిలో నేనున్నానని తెలిసే అంటుంది. నెలన్నర పాటు ఆఫీస్ క్యాబ్‌లో, క్యాంటీన్ క్యూలో, ఆఖరికి బాత్రూమ్‌లో కూడా ఫోన్ పట్టుకుని నేను చదివినన్ని రివ్యూలు ఆవిడ చదివి, అప్పుడు అనమనండి. పడతాను.

మా నాన్నది భీమిలి. ఇరవయ్యో ఏట సికింద్రాబాద్ వచ్చి, మౌలాలి వైపు ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. నేను పుట్టిందీ పెరిగిందీ మారేడ్‌పల్లిలో. ఫ్యాక్టరీ మూసేస్తూ ఇచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆయన ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. వెనకాల తగిలించుకునే మోటారు, నలుగురు కూర్చునే చోటు, అంతే. చేపలు పట్టడానికి కాదు. ఊరికే తిరగడానికి. భీమిలిలో పెదనాన్న ఇంటి దగ్గర ఒడ్డున పెట్టి, నెలకో రెండు నెలలకో శుక్రవారం సాయంత్రం రైలెక్కి వెళ్లేవాడు, సోమవారం పొద్దున్న నల్లగా కమిలిపోయి తిరిగొచ్చేవాడు. ఆ సోమవారాల్లో మా ఇంట్లో ఆయనంత మంచి మనిషి ఉండేవాడు కాదు. ఇస్త్రీ కూడా తనే చేసేవాడు.

ఒక శీతాకాలపు ఆదివారం సముద్రం మీద మంచు కమ్మింది. పొద్దున ఆరింటికి వెళ్లిన మనిషి తొమ్మిదికల్లా రావాలి. మధ్యాహ్నం మూడింటికి ఎక్కడో పైన, భోగాపురం వైపు ఏదో ఊరి ఒడ్డుకు చేరి, ఎవరి ఫోన్‌లోంచో కబురు చేశాడు. ఒడ్డు మీది కొండ కనబడలేదు, కొండ కనబడకపోతే దారి తెలియదు. ఆయన లెక్కలన్నీ కొండతోటే.

సోమవారం ఆయన ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ మొదలుపెట్టింది.

"ఇంక చాలండీ. ఆ పడవ అమ్మేయండి."

"మంచు పట్టింది, అంతే కదా. ఎప్పుడో ఒకసారి పడతాది."

"ఏటి అంతే? మనిషి ఉన్నాడో లేడో తెలీకుండా మద్దేనం దాకా నేనిక్కడ ఫోన్ ముందు కూర్చుంటే అంతేనా? దారి చూపించే మిషన్లుంటాయంట కదా. అదన్నా పెట్టండి, లేకపోతే అమ్మేయండి. రెండిట్లో ఒకటి తేల్చేవరకూ మళ్లీ రైలెక్కితే ఒట్టు."

నాన్న చెప్పులు విడుస్తూ నావైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తే. పడవ పోతుందేమోనన్న భయం అది. యాభై దాటిన మనిషి ఒక బొమ్మ లాక్కుంటారేమోనని చూసినట్టు చూశాడు.

"నేను కొంట నాన్నా," అన్నాను. "నువ్వు పరేషాన్ కాకు."

"కొంట ఏటే? కొంటాను అను," అంది అమ్మ. అంత కోపంలోనూ దిద్దడం మరిచిపోలేదు.

అలా ఆ పని నా నెత్తిన పడింది. నా అంతట నేను వేసుకున్నాను, సరే. చార్ట్‌ప్లాటర్ అంటారు దాన్ని. సముద్రంలో మనం ఎక్కడున్నామో తెర మీద పటంలో చూపిస్తుంది. పడవ అడుగున ఒక బుడిపె బిగిస్తే కింద నీళ్ల లోతెంతో కూడా చెబుతుంది. ఫోన్‌లో చూసుకుంటే పోదా అన్నారు మా టీమ్‌లో వాళ్లు. ఎండలో ఫోన్ తెర ఎంత కనబడుతుందో, ఉప్పునీళ్లు పడితే ఎన్ని నిమిషాలు బతుకుతుందో వాళ్లకేం తెలుసు? నాకు తెలుసు, అప్పటికి చదివేశాను కాబట్టి. నాలుగంగుళాల తెరది చవగ్గా దొరుకుతుంది, కానీ నాన్న కళ్లకు ఆనదు. తొమ్మిదంగుళాలది పెడితే ఆ చిన్న పడవలో పెళ్లిపందిరిలో టీవీ పెట్టినట్టుంటుంది, పైగా ధర నా మూడు నెలల జీతం. ఐదు, ఏడు మిగిలాయి. ఆ రెండిటి మధ్య నేను నెలన్నర తిరిగాను.

నాన్నను అడిగాను, నీకేం కావాలని. ఆయన ఇడ్లీ తింటూ చెప్పాడు. "నాకు బొమ్మలొద్దమ్మా. అంకెలు పెద్దగా కనబడితే చాలు. ఇంకేటీ వద్దు."

రాణీగంజ్‌లో మోటార్లు, పంపులు అమ్మే షాపుల వరసలో ఒకాయన పడవ సామాన్లు కూడా తెప్పిస్తాడని తెలిసి, ఒక శనివారం వెళ్లాను. షాపు యజమాని కౌంటర్ వెనక చాయ్ తాగుతున్నాడు.

"ఏం బోటు మేడం? ట్యాంక్‌బండ్‌దా?"

"కాదు. సముద్రంల తిరిగేది."

"సికింద్రాబాద్‌ల సముద్రం ఏడికెల్లి వచ్చింది?" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. తర్వాత, "సార్‌ని తీస్కరండ్రి మేడం. సార్‌కి మంచిగ సమజ్ చేస్తా," అన్నాడు.

"సార్‌కి సమజ్ చేసేది నేనే. ఐదంగుళాలది, ఏడంగుళాలది రెండూ బయటికి తీయండి."

తీశాడు. ఏడంగుళాలది టచ్. వేలితో జరిపి చూపిస్తూ మురిసిపోయాడు. "మఖ్ఖన్ లెక్క పోతది చూడండ్రి. ఇప్పుడు బటన్లవి ఎవరు కొంటున్నరు?"

నాకు ఒళ్లు మండింది. నా బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి, ఆ తెర మీద ఇన్ని నీళ్లు చల్లాను.

"అరే! అరే మేడం! ఏం చేస్తున్నరు?"

"సముద్రంల నీళ్లుంటయి అన్నా."

తెర మీద పటం తనంతట తానే ఎగిరిపోయింది. ఒక చుక్కకి ఒక దేశం, ఇంకో చుక్కకి ఇంకో దేశం. ఆయన గుడ్డతో తుడుస్తూ, "వాటర్‌ప్రూఫే మేడం, ఖరాబ్ కాదు," అంటాడు. ఖరాబ్ కాదని నాకూ తెలుసు. తడిచేత్తో పనిచేస్తుందా అన్నది నా ప్రశ్న. చేయలేదు. కాబట్టి ఐదంగుళాలది, బటన్లది. చవకదీ అదే. ఇది చవకబారు బేరమా?

ఇంకో సంగతి కూడా పట్టుకున్నాను. ఆ ఐదంగుళాలది ఆన్ చేయించి, పటం మన తీరం వైపు జరిపితే భీమిలి దగ్గర ఏమీ లేదు. ఉట్టి నీలం రంగు. లోపల నింపి పంపిందంతా ఎక్కడివో పరాయిదేశపు చెరువులు. రివ్యూల్లో ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లంతా ఆ చెరువుల్లో తిరిగేవాళ్లు. బంగాళాఖాతం పటం ఉన్న చిన్న కార్డు విడిగా కొనాలి, ఆ మాట షాపాయన తనంతట తను చెప్పలేదు.

"కార్డు తెప్పించి, అండ్ల పెట్టి, భీమిలి కనబడ్డంకనే పైసలిస్త," అన్నాను.

"మేడం, మీరు కస్టమరా, ఇన్‌స్పెక్టరా?"

పది రోజులకు కార్డు వచ్చింది. భీమిలి కనబడింది. డబ్బు కట్టి ఇంటికి తెచ్చాను. అప్పటిదాకా నా పనిలో ఒక్క తప్పు చూపించండి.

తర్వాతి ఆదివారం పదకొండింటికి ఇంట్లో భోజనాల బల్ల మీద సెటప్ పెట్టుకున్నాను. ఇన్వర్టర్ బ్యాటరీకి తీగలు కలిపి డబ్బాను ఆన్ చేశాను. ఆ వారం మా ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది. ఒక చెవిలో ఆఫీస్ కాల్, ఒక చేతిలో ఫోన్, ఇంకో చేత్తో ఈ బటన్లు. లోతు అంకెను తెర సగం నిండేంత పెద్దది చేశాను, నాన్న అద్దాలు తీసేసినా కనబడాలని. ఆ అంకె పక్కన అది ఏ కొలతో చెప్పే రెండు ఇంగ్లిష్ అక్షరాలు మాత్రం చీమల్లా మిగిలిపోయాయి. వాటిని పెద్దవి చేసే ఏర్పాటు ఆ మెషీన్లో లేదు. ఉన్నా చేసేదాన్ని కాదేమో, అడుగులని నాకు తెలుసు కదా.

నాన్న బాల్కనీలో బట్టలు ఆరేస్తూ అక్కణ్నించి అన్నాడు. "లోతు బారకి మార్చమ్మా. మర్చిపోకు."

నేను విన్నది, బారాకి. బారా అంటే పన్నెండు. ఈ ఊళ్లో ఆటో ఎక్కినా, కూరగాయలు కొన్నా, టైమ్ అడిగినా బారా అంటే పన్నెండే. మెనూలో వెతికితే నిజంగానే ఒక చోట దొరికింది. లోతు ఇంతకన్నా తగ్గితే కూత పెట్టమని అంకె ఇచ్చే చోటు అది. కంపెనీవాళ్లు ఐదు అని పెట్టి పంపారు. పన్నెండు చేశాను.

"అయింది నాన్నా. బారా పెట్టిన."

ఆయన చేతిలో తడి తువ్వాలుతో గుమ్మం దాకా వచ్చాడు. "బార పెట్టావు కదా?"

"పెట్టిన."

"బారే కదా?"

అప్పుడే అటు కాల్‌లో మా మేనేజర్ నన్ను ఏదో అడిగాడు, నాకు వినబడలేదు. మండిపోయింది. మైక్ మూసి, "బారా పెట్టిన అంటున్న గదా నాన్నా! ఎన్నిసార్లు అడుగుతవ్? నమ్మకం లేకుంటే నువ్వే పెట్టుకో!" అని అరిచాను.

ఆయన సరేనమ్మా అని తువ్వాలు ఆరేయడానికి వెళ్లిపోయాడు.

రెండు వారాలకు మంచి వాతావరణం చూసుకుని రైలెక్కారు, ఈసారి ఇద్దరూ. మెషీన్ పనిచేయడం తన కళ్లతో చూస్తే తప్ప నమ్మనని అమ్మ తనే బయల్దేరింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఆ పడవే కాదు, ఏ పడవా ఎక్కలేదు. పడవ ఉంటుందా, అమ్ముడవుతుందా అన్నది ఆ ఒక్క పొద్దుటితో తేలిపోతుందని నాన్నకు తెలుసు. నాకూ తెలుసు. వెళ్దామనుకున్నాను, లీవ్ దొరకలేదు. ఆ తర్వాత జరిగిందంతా వాళ్లిద్దరూ విడివిడిగా చెప్పగా విన్నదే.

పెదనాన్నతో కలిసి డబ్బానూ అడుగున బుడిపెనూ బిగించి, ఒడ్డు దాటి కొంత దూరం వెళ్లాక తెర మీద నలభై రెండు అని వచ్చిందట. అక్కడ లోతు ఏడు బారలని నాన్నకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చేతులు రెండూ బారచాపితే ఈ కొసకూ ఆ కొసకూ ఎంతో, అంత ఒక బార. సీసం గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదిలి, బారలు బారలుగా లాక్కుంటూ లెక్కపెట్టడమే వాళ్ల ఊళ్లో లోతు చూసే పద్ధతి. ఏడుండే చోట నలభై రెండేమిటని ఆయనకు అనుమానం వచ్చింది. కానీ పక్కన అమ్మ. మెషీన్ తప్పు చెబుతోందని ఆవిడ ముందు అంటే ఆ క్షణమే పడవ అమ్మకానికి వెళ్లినట్టు. ఇసక కొట్టుకుపోయి లోతు పెరిగిందేమోలే అనుకున్నాడట. అనుకోవాలనుకున్నాడు కాబట్టి అనుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. వెనక్కి తిరిగేటప్పుడు, "చూడు, ఈసారి కొండ వైపు చూడనే చూడను. మొత్తం మిషన్ చూసుకునే తీసుకొస్తాను," అన్నాడు అమ్మతో.

ఒడ్డు దగ్గరపడుతోంది. అంకె ఇరవై, పదహారు, పద్నాలుగు. పన్నెండు దగ్గర డబ్బా కూత పెట్టింది. అమ్మ కూర్చున్న చెక్కను రెండు చేతులా పట్టేసుకుంది.

"ఓలమ్మో! ఏటండీ అది? ఎందుకలా అరుస్తాది?"

"ఏటీ లేదు. పన్నెండు బారల లోతుంది, ఏనుగు మునిగిపోద్ది. కొత్తది కదా, ఊరికే ఏడుస్తోంది." అని చెప్పి బటన్ నొక్కి నోరు మూయించాడు. నేను నేర్పిన బటనే అది. రెండుసార్లు నొక్కి చూపించి, ఆయన చేత కూడా నొక్కించాను.

పది. ఏడు. ఐదు. ఐదు బారలంటే ఆయనకు నిశ్చింత. నిజానికి ఐదడుగులు. నాలుగు అన్నది చూశాడో లేదో, రాయి తగిలింది. అమ్మ ముందుకు పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మోటారు పంకా ముక్కలైంది, పడవ అడుగు మూరెడు పొడుగున చీలింది. ఒడ్డు దగ్గరే కాబట్టి పెదనాన్నా ఇంకొందరూ రొమ్ములోతు నీళ్లలో నడిచొచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లారు. వీళ్లు కట్టుకట్టించుకుని సికింద్రాబాద్ స్టేషన్లో దిగేసరికి నేను ప్లాట్‌ఫాం మీదున్నాను. నాన్న ఒక చేత్తో రెండు బ్యాగులు, ఇంకో చేత్తో ప్లాస్టిక్ సంచిలో ఆ డబ్బా పట్టుకుని దిగాడు. దానికి ఒక్క గీత కూడా పడలేదు.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని దాన్ని మళ్లీ బ్యాటరీకి తగిలించడం. మెషీన్ తప్పేమో చూడాలి కదా. తెర మీద మారేడ్‌పల్లి మొత్తం ఒకే పసుప్పచ్చ రంగు. నేల మీద దానికి చూపించేదేమీ లేదు. లోతు ఉండాల్సిన చోట రెండు గీతలు.

"ఏం పెట్టమన్నవ్ నాన్నా నువ్వు? బారా పెట్టమన్నవ్, పెట్టిన. పన్నెండు కాడ్నే ఒర్లింది గదా."

"పన్నెండా?" అన్నాడు. తర్వాత లేచి, మా ఇరుకు హాల్లో రెండు చేతులూ చాపాడు. ఒక చేతి వేళ్లు ఫ్రిజ్‌కి తగిలాయి, ఇంకో చెయ్యి గోడకి. "బార. ఇదమ్మా బార."

అప్పుడు నేను మెనూలో కొలతల దగ్గరికి వెళ్లి చూశాను. అడుగులు, మీటర్లు, వాటి కింద మూడోది రెండక్షరాలు. మొదటి రోజు కూడా చూశాను, అదేంటో తెలియక వదిలేశాను. ఫోన్‌లో వెతికాను. ఆరడుగుల కొలత, చాచిన చేతుల పొడవు అని ఉంది. నొక్కితే సరిపోయేది. మా నాన్న మాట ఆ చవక డబ్బాలో మొదటి నుంచీ ఉంది. నా దగ్గరే లేదు.

అమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. "ప్రతి ఆదివారం బారెడు పొద్దెక్కింది లేవవే అని అరిచి చస్తాను కదే. బార తెలీదా నీకు?"

"అది తిట్టు అనుకున్న మమ్మీ. కొలత అని ఎవరు చెప్పిన్రు?"

"చెప్పిన్రు ఏటే, చెప్పారు అను."

నిజంగా అంది ఆ మాట. విరిగిన చేత్తో.

పడవ ఆ నెలలోనే పోయింది. అమ్మ గట్టిగా అడగాల్సిన పని కూడా పడలేదు, నాన్నే పెదనాన్నకు ఫోన్ చేసి అమ్మేయమన్నాడు. బీచ్ రోడ్డులో ఒక రిసార్ట్‌వాళ్లు కొన్నారు. అడుగు అతికించలేదు, అతికించే అవసరం వాళ్లకు లేదు. లాన్‌లో పెట్టి, రంగులేసి, ఫొటోలు దిగేవాళ్లను కూర్చోబెడుతున్నారు. పెదనాన్న ఫొటో పంపితే నా ఫోన్‌కే వచ్చింది. నాన్నకు చూపించలేదు. ఆయన శుక్రవారాలు ఇప్పుడు తొమ్మిదింటికే పడుకుంటాడు.

ఒకరోజు కూరగాయలు తీసుకుని నడిచి వస్తుంటే, నేను అడక్కుండానే చెప్పాడు.

"ఆ రోజు నువ్వు ఆఖర్న సాగదీసి అన్నావు. బారా అని. నాకు అప్పుడే అనుమానం తగిలింది."

"మరి అడగొచ్చు గదా."

"అడిగాను కదమ్మా. రెండుసార్లు అడిగాను. నువ్వు అరిచావు."

అరిచాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ లెక్క కూడా చూడండి. బార అంటే ఆరడుగులైతే పన్నెండు అడుగులంటే రెండు బారలు. ఆ రాళ్ల దగ్గర రెండు బారలకన్నా లోపలికి తను ఎప్పుడూ పడవ తేనని నాన్నే చెప్పాడు. నేను తప్పుగా విని, తప్పుచోట, తప్పుగా పెట్టిన అంకె సరిగ్గా ఆయన ఆగాల్సిన చోటే కూసింది. ఆయన దాని నోరు నొక్కాడు, అమ్మ భయపడుతుందని. ఇరవై ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. నా 'పెట్టిన'ను, 'కొంట'ను ఇంట్లో వెయ్యిసార్లు దిద్దారు. బార అంటే ఇది అని ఒక్కసారి చేతులు చాపి చూపించడానికి పడవ పగలాల్సి వచ్చింది. అయినా మా అమ్మ లెక్కలో, మా మేనత్త లెక్కలో, చెప్పుకోడు గానీ బహుశా మా నాన్న లెక్కలో కూడా, పడవను ముంచింది నేను కొన్న డబ్బా, నేను అరిచిన అరుపు. మీరూ అంతే అంటారా? అంటే అనండి, కానీ ముందు ఇది చెప్పండి: మీ నాన్న రోజూ వాడే మాటల్లో మీకు అర్థం తెలియనివి ఎన్నో, మీకైనా తెలుసా?